పదమూడు వోల్టుల ఉరి

జనగామ బస్టాండు ఎదుటి హోటల్లో రెండో ఇడ్లీ తుంచుతూ ఎల్లేశ్ చచ్చిపోయాడు. పక్కవాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు. చట్నీ గిన్నెలో చెయ్యి పెట్టుకుని ఎవడూ కునుకు తీయడని సప్లయర్‌కు తోచేసరికి పావుగంట గడిచింది. మెడ వెనక, కాలర్ కింద, దోమ కుట్టినంత ఎర్రచుక్క ఒకటే కనిపించింది. పొద్దున ఎనిమిదిన్నరకు, నలభై మంది టిఫిన్ తింటుండగా, సూదితో పని కానిచ్చి చల్లగా జారుకున్నారు. వాళ్ల తెగింపు మీద మన్ను పోయ.

తొమ్మిదికి ముతక చీర కట్టుకున్న ఒక ఆడమనిషి జనాన్ని తోసుకొచ్చి శవం మీద పడింది. "అన్నా, మమ్ముల ఆగం జేసి పోయినవా" అని శోకం పెట్టింది. కానిస్టేబుల్ కూడా జాలిపడి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆ ఏడుపులోనే ఆమె చేతులు చనిపోయినవాడి జేబులన్నీ గాలించాయి. టెస్టర్, బస్సు టికెట్, నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క దొరికాయి. కాగితం మీద చుట్టూ సున్నా గీసిన ఒకే అంకె ఉంది: 13.0.

ఆమె పేరు బానోతు కళావతి. గూఢచారి శాఖలో పదకొండేళ్ల సర్వీసు. ఎల్లేశ్ ఆమెకు చుట్టం కాదు, సైట్లు చూసుకునే టెక్నీషియన్. శోకం దొంగదే కానీ సందు మలుపు తిరిగాక వచ్చిన కన్నీళ్లు దొంగవి కావు. కొంగుతో తుడుచుకుని, సూర్యాపేట రోడ్డులోని పురుగుమందుల దుకాణానికి నడిచింది.

"పత్తికి గులాబీ పురుగు మందున్నదా?" అని అడిగింది.

"వాన వెలిసినంక రా," అన్నాడు దుకాణదారు తలెత్తకుండా.

"మా చేన్ల ఎప్పుడో వెలిసింది."

యూరియా బస్తాల వెనక తలుపు తెరుచుకుంది.

లోపల చీఫ్ రాజేందర్ ఆమెను కూర్చోమనలేదు. ఆయన ఎవరినీ కూర్చోమనడు, ఆ రోజైతే మరీను. గోడ మీద తెరలో తొమ్మిది చుక్కలు మెరుస్తున్నాయి. జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లా మీదుగా భూపాలపల్లి అడవి అంచున ఉన్న కాటారం దాకా, వాతావరణ కేంద్రాలని బోర్డు పెట్టిన తొమ్మిది చిన్న వైర్‌లెస్ సైట్లవి. ఒక్కో సైటుకు ఒక రేడియో, ఒక బ్యాటరీ, ఒక చార్జర్ ఉంటాయి. ఒకటి అందుకున్న మాటను పక్కది అందుకుని జనగామకు చేరవేస్తుంది. నెల క్రితం చివరిదైన కాటారానికీ, మధ్యలో నెల్లికుదురు దగ్గరి తండా గుట్టకూ బ్యాటరీని కాపాడే కొత్త కంట్రోలర్ డబ్బాలు బిగించారు. మిగతా ఏడింటికీ పాతవే.

రాజేందర్ బ్రీఫింగ్ ఎప్పట్లాగే తిట్టినట్టు సాగింది. 'గువ్వ' అనే విదేశీ ముఠా ఒక క్షిపణి కన్నును, అంటే అది గురిని వెతుక్కునే పరికరాన్ని, ల్యాబ్ నుంచి కొట్టేసింది. ఈ రోజు నాలుగింటికి కాటారం దగ్గరి గోదాము నుంచి దాన్ని బండిలో దాటిస్తారు. గోదావరి దారా, అడవి దారా అన్నది బండి కదిలాకే డ్రైవర్‌కు చెబుతారు. ఆ డ్రైవర్ హరీష్, మన మనిషి. ఫోన్లు ముఠా గుంజుకుంది. కానీ బండి హారన్ కింద గోళీ అంత ట్రాన్స్‌మిటర్ ఉంది. రెండు పొడుగు హారన్లు కొడితే గోదావరి, మూడు కొడితే అడవి. కాటారం సైటు అది విని ఇటు పంపాలి, పావుగంటలో టీం అడ్డుపడాలి. సరుకు చేతులు మారాక డ్రైవర్‌ను బతకనివ్వడం ఆ ముఠాకు అలవాటు లేదు.

"ఎల్లేశ్ నిన్న కాటారం పోయొచ్చిండు. పొద్దుగాల చచ్చిండు. అంటే మన సైట్ల సంగతి వాళ్లకు తెలిసింది," అన్నాడు రాజేందర్. "సైట్ల డ్రాయింగ్ గీసింది నువ్వు. అది దాచిన బీరువా నీది. తాళం నీది."

"అనుమానం ఒక్కటే మీది సార్," అంది కళావతి.

ఆయన దవడ బిగుసుకుంది. సాయంత్రానికి దొంగ దొరక్కపోతే ఆమె ఇంటికి కాదు, లోపలికి పోతుందని చెప్పాడు. కాటారం పోవడానికి లేదు. అక్కడ కొత్త ముఖం కనబడితే అది హరీష్ మెడకే చుట్టుకుంటుంది. అదే రకం డబ్బా ఉన్న తండా గుట్టకు పోయి, అందులో ఏం చెడిందో కనిపెట్టాలి. తోడుగా మనీషా వస్తుంది.

మనీషా అప్పటికే మూలన కూర్చుని ఉంది. ఆమెకు మాత్రం కుర్చీ దొరికింది. నారాయణపేట చీర, నల్ల కళ్లద్దాలు, ముడిలో వెండి పిన్ను, పురుగుమందు వాసనను కూడా ఓడించే సెంటు. గువ్వ ముఠాలో ఉంటూ మనకు కబుర్లు మోసే డబుల్ ఏజెంట్ అని రాజేందర్ పరిచయం చేశాడు, కాస్త మురిపెంగానే. ఆ డబ్బాలు ఎల్లేశే బిగించాడని మనీషా చెప్పింది. తానెన్నడూ ఆ వైపు పోలేదని, నెల్లికుదురు ఏ దిక్కున ఉందో కూడా తెలియదని నవ్వింది. కళావతికి ఆ నవ్వు ఒంటికి పడలేదు. అయినా చెప్పుకోదగ్గ కారణం ఏముంది? వాసన నచ్చలేదని రిపోర్టులో రాయలేం కదా.

పన్నెండున్నరకు బయలుదేరారు. కారు మనీషాది, స్టీరింగూ ఆమెదే. పాలకుర్తి దాటి తొర్రూరు దాకా ఇద్దరి మధ్య పది మాటలు నడవలేదు. కళావతి మనసులో తన డ్రాయింగే తిరుగుతోంది. రేడియో రెండు ఆంపియర్లు లాగుతుంది. వంద ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగమే వాడుకోవాలి, లేకుంటే అది ఏడాదికే ముసలిదవుతుంది. అంటే కరెంటు పోయినా పూర్తిగా ఒక రోజు సైటు నడవాలి. సగం ఖాళీ అయ్యేసరికి బ్యాటరీ పన్నెండు వోల్టులకు దిగుతుంది. అప్పుడు కంట్రోలర్ రేడియోను కోసేయాలి, దాన్నే కటాఫ్ అంటారు. అందుకే డ్రాయింగ్‌లో 12.0 అని రాసింది. ఎల్లేశ్ కాగితంలోని పదమూడు, బహుశా అతడు మీటర్ పెట్టి చూసిన చార్జింగ్ రీడింగు. కొంచెం తక్కువ, అంతే. అంతమాత్రానికి మనిషిని చంపుతారా?

వోల్టులు విడిచి ఆలోచన కొమురవ్వ మీదికి పోయింది. హరీష్ తల్లి ఆమె. కాటారం బడిలో వంట చేస్తుంది. రెండేళ్ల క్రితం డ్రైవర్ ఉద్యోగమని చెప్పి కళావతే హరీష్‌ను ఆ ఇంటి నుంచి తీసుకుపోయింది. నీ కొడుకును మళ్లీ నీ గడపలో నిలబెడతానని ఆ ముసలిదాని చేతిలో చెయ్యి వేసి మరీ చెప్పింది. అప్పటి నుంచి కొడుకు ముఖం కనబడక, ఈ లంబాడి మనిషి మాయచేసి ఎత్తుకుపోయిందని కొమురవ్వ ఊరంతా తిట్టిపోస్తోందని కబురు. తిట్టడంలో తప్పేముంది, మాట ఇచ్చింది తనే కదా అని కళావతికి తెలుసు.

తొర్రూరు దాటాక ఫోన్ చూసుకుంది. సిగ్నల్ లేదు. ఈ దారిన ఇంతే కాబోలు అనుకుంది.

తండా చేరేసరికి మూడుంబావు అయింది. దారిలో మనీషాకు రెండుసార్లు దాహం వేసింది, ఒకసారి టైరు మీద అనుమానం వచ్చింది. గుట్ట మొదట్లో తుల్సీబాయి ఎదురైంది. సైటు తాళం ఆమె దగ్గరే ఉంటుంది. మొలకు తాళంచెవి, చేతుల నిండా గాజులు, నోటి నిండా కోపం. ముందురోజే తీజ్ అయిపోయింది. తొమ్మిది రోజులు ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసి పాటలు పాడిన పండుగ అది. సర్కారు మనుషులంటే ఆమెకు ఎలాగూ గిట్టదు. తమ గుట్ట మీద డబ్బా పెట్టి, తమను దొంగల్లా చూస్తారని ఎక్కుతూ ఎక్కుతూనే అందుకుంది.

కళావతి విసవిసా నాలుగు రాళ్లు ఎక్కింది.

"ఓ పిల్లా, చెప్పులేసుకొని ఎటు వోతున్నవు? గీ యేడాది తీజ్ బుట్టలు పైన వెడ్తమని రెండు నెలల కిందనే మొక్కినం. గప్పటిసంది గా బండకాడ ఇడువాలె," అని గద్దించింది తుల్సీబాయి.

కళావతి గతుక్కుమని దిగింది. తానూ తండా పిల్లే, అయినా ఆ సంగతి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. అక్కడ జెండా లేదు, సున్నం గీత లేదు, మామూలు నల్లబండ ఒకటి. ఆ బండ పక్కన అప్పటికే ఒక జత ఎర్ర చెప్పులు ఒద్దికగా విడిచి ఉన్నాయి. మనీషా ముందే పైకి ఎక్కేసింది, ఒట్టికాళ్లతో.

నెల్లికుదురు ఏ దిక్కో తెలియని మనిషి ఆమె. కళావతి తన చెప్పులు ఆ చెప్పుల పక్కన విడిచి, ఏమీ ఎరగనట్టు గుట్టెక్కింది.

రేకుల గది తలుపు తెరవగానే ఆమెకు మరో మంట. తన డ్రాయింగ్ ప్రకారం బిగించిన వైర్లు ఎక్కడున్నాయి? బ్యాటరీ నుంచి వచ్చే ఎర్ర వైరు, రేడియోకు పోయే ఎర్ర వైరు కంట్రోలర్‌లోంచి పీకి ఒకదానికొకటి మెలేసి, పైన సైకిల్ ట్యూబు చుట్టారు. ఆ ముడి నుంచి ఇంకో వైరు తీజ్ మైకు యాంప్లిఫయర్‌కు పోయింది. రేకు మీద హారన్ స్పీకర్. మైకు సామాన్లు ఇంకా తీయలేదు. కంట్రోలర్ డబ్బా మాత్రం చార్జర్‌కు వేలాడుతూ, అలిగిన అల్లుడిలా పక్కన ఒంటరిగా ఉంది.

ఎవరు చేశారిది అని కళావతి గట్టిగానే అడిగింది. తుల్సీబాయి అంతకంటే గట్టిగా జవాబిచ్చింది.

"నేనే జేసిన. ఏమంటవు? పాత డబ్బా ఉన్నప్పుడు కరెంటు పోయినా తెల్లారేదాక మైకు మోగేది. గీ కొత్తది వెట్టినంక నిన్న రాత్రి కరెంటు పోంగనే టక్కున బందాయె. రేడియో బందు, మైకు బందు. బ్యాటరీ సూస్తే నిండుగున్నది. మా అల్లుడు మోతీలాల్ ట్రాక్టర్ బ్యాటరీకి సూపెట్టినట్టే డబ్బాను పక్కకు దొబ్బి కలిపిన."

నిండు బ్యాటరీ. కరెంటు పోగానే బంద్.

కళావతి కంట్రోలర్ మీద బటన్ నొక్కి చూసింది. తెర మీద చార్జింగ్ 13.6 అని, కటాఫ్ 13.0 అని ఉన్నాయి. ఎల్లేశ్ రాసుకుంది రీడింగు కాదు, కటాఫ్. ఆమె డ్రాయింగ్‌లోని పన్నెండును పదమూడు చేశారు. ఒక్క అంకె. చార్జర్ నడుస్తున్నంతసేపూ పదమూడున్నర మీద ఉంటుంది కనుక ఏ చెకింగ్‌లోనూ తప్పు దొరకదు. చార్జింగ్ ఆగగానే నిండు బ్యాటరీ కూడా పన్నెండు ముప్పావుకు జారుతుంది. డబ్బా దాన్ని ఖాళీ బ్యాటరీ అనుకుని రేడియోను కోసేస్తుంది. రోజంతా నడవాల్సిన సైటు నిమిషంలో మూగబోతుంది. కింద ఇంకో వరుస మెరుస్తోంది: చార్జింగ్ ఆపు, 3:55.

కాటారంలోనూ ఇదే డబ్బా. అక్కడ వైర్లు మెలేసే తుల్సీబాయి లేదు. నాలుగింటికి హరీష్ హారన్ కొడతాడు, వినే చెవి ఉండదు. టైం మూడూ నలభై నాలుగు.

"పాస్‌వర్డ్ లేకుండా మార్చలేవు అక్కా," అంది మనీషా వెనక నుంచి, తీయగా. "నీ ఫోనూ పనిచేయదు. సెల్ సిగ్నల్‌ను మింగే జామర్ నా బ్యాగులో ఉంది."

ఆమె ముడి విడిపోయి ఉంది. వెండి పిన్ను చేతిలో ఉంది. దాని సూదిమొన తుల్సీబాయి మెడకు వేలెడు దూరంలో మెరుస్తోంది. ఎల్లేశ్ కాలర్ కింది చుక్క కళావతి కళ్ల ముందు కదిలింది. ఒళ్లంతా మండింది.

"చెప్పులు చెప్పకుండనే విడిచినవు. డబ్బా బిగించనీకి వచ్చిన్నాడు కూడా ఈమెతో తిట్లు తిన్నవా?" అంది. మాట్లాడుతూనే కుడికాలి బొటనవేలితో యాంప్లిఫయర్ స్విచ్ కోసం వెతికింది.

"మారువేషంలో వచ్చాను, ముఖం గుర్తుపట్టలేదు. తిట్లు మాత్రం అవే," అని మనీషా నవ్వింది. "పదకొండు నిమిషాలు ఊరికే నిలబడు. ఆ తర్వాత..."

స్విచ్ దొరికింది. కళావతి వాల్యూమ్ నిండా తిప్పి, మైకును స్పీకర్ వైపు తోసింది. రేకుల గది కీచుమని అరిచింది. ఆ కూతకు మనీషా చెవులు మూసుకోబోయి ఒక్క క్షణం ముసల్దాని మెడ మీంచి చెయ్యి తీసింది. కళావతి మైకు సామాన్లలోంచి స్పానర్ అందుకుని ఆ మణికట్టు మీద కొట్టింది. పిన్ను ఎగిరి మూలన పడింది. తుల్సీబాయి తన గాజుల చేత్తో మనీషా చెంప మీద ఒకటిచ్చి, కిందపడేసి, మైకు వైరుతోనే చేతులు కట్టి, ఆమె నడుం మీద కూర్చుంది. ఎనభై కిలోల మనిషి కూర్చున్నాక ఇక లేవడమన్న మాట లేదు.

"నన్ను చంపినా టైమర్ ఆగదు," అంది మనీషా నేల మీద నుంచి. అది నిజమే.

కళావతి రేడియో పక్కనున్న సర్వీస్ ఫోన్ ఎత్తింది. ఒక సైటులో మాట్లాడితే తొమ్మిదింట్లోనూ వినబడే ఫోన్ అది. టెక్నీషియన్ల కోసం ఆమె తన డ్రాయింగ్‌లో పెట్టిందే. కాటారం డబ్బా కొమురవ్వ వండే బడిలోనే, వంటగది పక్క స్టోరులో ఉంది. పిలిచింది. జనగామలో రాజేందర్ వింటున్నాడని తెలుసు, సంగతంతా నాలుగు ముక్కల్లో చెప్పి, నోరు మూసుకుని లైన్ వదలమని కూడా చెప్పింది. మళ్లీ పిలిచింది. మూడూ నలభై తొమ్మిదికి ఎవరో ఎత్తారు.

"ఎవలు? డబ్బాల నుంచి ఎవలు ఒర్రుతున్నరు?"

"అవ్వా, కళావతిని. హరీష్‌ను తీస్కపోయినదాన్ని."

"నీ నోట్ల మన్నువడ. నా కొడుకేడే?"

ఆ తర్వాతి అర నిమిషం కొమురవ్వ ఊపిరి తీసుకోలేదు. కళావతి ఏడు తరాలూ అందులో వచ్చాయి. తొమ్మిది సైట్లలోనూ ఆ తిట్లు మోగాయి. తిట్లు ఆగగానే కళావతి అందుకుంది. హరీష్ దగ్గరలోనే ఉన్నాడని, ఆ డబ్బా ఆగిపోతే వాణ్ని చంపుతారని, ఆగకుండా చూడటం నీ ఒక్కదాని చేతిలోనే ఉందని చెప్పింది. అవతల నమ్మకం లేదు. ఒకసారి మోసం చేసినదాన్ని ఎట్ల నమ్మాలి అని కొమురవ్వ అడిగింది.

తుల్సీబాయి ఉన్నచోటి నుంచే చెయ్యి చాచి ఫోన్ గుంజుకుంది.

"ఓ చెల్లె, నేను తండా ముసల్దాన్ని. గీ పిల్లను తర్వాత ఇద్దరం కల్సి తిడుదం. ముందుగాల ఇను. డబ్బాకు రెండు ఎర్ర వైర్లున్నయి. ఒకటి బ్యాటరీ కాడినుంచి వస్తది, ఒకటి రేడియోకు పోతది. రెండూ గుంజు. కత్తితోని తోలు గీకు. జడ అల్లినట్టు అల్లు. నల్లదాని జోలికి పోకు. షాకు కొట్టదు, నేను జేసిన."

కొమురవ్వ ఏదో అడగబోయింది. అంతలో టిక్కుమని తండా డబ్బా మీద ఎర్రలైటు వెలిగింది. మూడూ యాభై అయిదు. ఇక్కడి రేడియో మాత్రం ముసల్దాని ముడి పుణ్యమా అని నిక్షేపంగా నడుస్తోంది. కాటారం వైపు నుంచి వినవస్తున్న వంటగది చప్పుళ్లన్నీ మాయమయ్యాయి.

యాభై ఆరు. యాభై ఏడు. ఆమె విన్నదా? కత్తి అందిందా? ఏ రెండు వైర్లు పట్టుకుంది? కళావతి ఫోన్‌ను చెవికి అదుముకుని నిలబడింది. తాను ఇంత డ్రాయింగ్ గీసి, ఇన్ని లెక్కలు కట్టి, చివరికి ఒక మనిషి ప్రాణం కూరగాయల కత్తి మీదికి తెచ్చింది. అలా అనిపించి సిగ్గుతో చచ్చిపోయింది. యాభై ఎనిమిది. జనగామ నుంచి రాజేందర్ గొంతు ఒకసారి "కళావతీ" అని ఆగిపోయింది. ఆ పిలుపులో అనుమానం లేదు, భయం ఉంది. యాభై తొమ్మిది. నాలుగు.

కిరకిరమని చప్పుడు.

"అల్లిన," అంది కొమురవ్వ. "వేలు తెగింది. ఇగ నా కొడుకేడో చెప్పు."

కళావతి నోరు తెరిచేలోగా ఆమె మాటను తోసుకుంటూ ఒక హారన్ వచ్చింది. పొడుగ్గా. ఆగి, మళ్లీ పొడుగ్గా. అందరూ మూడోదాని కోసం ఊపిరి బిగబట్టారు. అయిదు సెకన్లు. పది. రాలేదు.

"గోదావరి దారి," అంది కళావతి.

రాజేందర్ టీంకు ఆర్డర్ ఇస్తున్న గొంతు వినబడింది. దాని వెనక కొమురవ్వ విసుగు. "నేను నా కొడుకును అడిగితే, మధ్యల ఎవడే గా హారన్ కొట్టేటోడు?"

"ఆడే నీ కొడుకు అవ్వా. బతికున్న అని చెప్తాండు."

కాటారం వంటగదిలో ఒక గిన్నె కిందపడిన చప్పుడు వచ్చింది.

నాలుగూ పద్నాలుగుకు కబురు అందింది. గోదావరి ఒడ్డుకు కిలోమీటరు ముందు బండిని ఆపారు. క్షిపణి కన్ను భద్రం, ముఠాలో నలుగురు దొరికారు. పక్క సీటులోని వాడు చివరి క్షణంలో డ్రైవర్ తల మీద పిస్తోలు పెట్టి నొక్కాడు. హరీష్ అప్పటికే స్టీరింగ్ తిప్పేయడంతో గుండు చెవి అంచును కోసి పోయింది. దవాఖానకు పోనన్నాడట, ముందు ఇంటికి పోతానన్నాడట. ఆరింటికి వాణ్ని బడి వంటగది గడపలో దించారు. కొమురవ్వ కొడుకు కట్టు కట్టిన చెవి వదిలేసి రెండో చెవి పట్టుకుని మెలేసిందని టీం లీడర్ రిపోర్టులో రాశాడు.

మనీషాను జీపు ఎక్కిస్తుంటే, ఆ నల్లబండ దగ్గర తన చెప్పులు అడిగింది. తుల్సీబాయి ఇవ్వలేదు.

వారం తర్వాత రాజేందర్ పురుగుమందుల దుకాణం వెనక కళావతిని కూర్చోమన్నాడు. క్షమాపణ ఆయన నోటికి అలవాటు లేదు కనుక కుర్చీతోనే సరిపెట్టాడు. వెంటనే గొంతు సవరించుకుని, సర్కారు సైటు బ్యాటరీకి ప్రైవేటు మైకు తగిలించడం నేరమని, దాని మీద ఏం చర్య తీసుకున్నావో రాతలో కావాలని అన్నాడు. కళావతి సవరించిన డ్రాయింగ్ బల్ల మీద పెట్టింది. రెండు ఎర్ర వైర్ల మధ్య చేత్తో తిప్పే బైపాస్ స్విచ్ ఒకటి చేరింది. తండా గుట్ట బ్యాటరీ వంద నుంచి నూట యాభైకి పెరిగింది. పెంచడానికి కారణం అన్న గడిలో ఆమె రాసింది చదివి, రాజేందర్ చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, సంతకం చేశాడు.

"అదనపు లోడ్: మైకు ఒకటి. ఏడాదికి తొమ్మిది రోజులు. కటాఫ్: తుల్సీబాయి ఇష్టం."